గుంత తవ్వడానికి డబ్బులున్నాయి, పూడిక తీయడానికి లేవు

“గది ఇంకుడు గుంతనా బిడ్డా? నేను చెత్త గుంత అనుకున్నా.”

మా కాలనీ పార్కు ఊడ్చే పెద్దమ్మ మొన్న చలికాలంలో నాతో అన్న మాట ఇది. మేముండేది హైదరాబాద్ శివార్లలో. పార్కులో ఒక మూల పల్లంగా ఉంటుంది, వానొస్తే చుట్టుపక్కల నీళ్ళన్నీ అక్కడికే చేరతాయి. కొన్నేళ్ళ కింద ప్రభుత్వ నిధులతో అక్కడ ఒక ఇంకుడు గుంత తవ్వారు. చుట్టూ మోకాలెత్తు గోడ కట్టి, నీళ్ళు లోపలికి రావడానికి అడుగున కన్నాలు పెట్టారు. గోడకు నీలం రంగు వేసి, నీటి బొట్టు బొమ్మ గీసి, కింద ఖర్చెంతో రాశారు. పెద్దమ్మ రోజూ పొద్దున్నే పార్కంతా ఊడ్చి, ఆకుల కుప్పను ఆ గోడ మీదుగా లోపలికి నెట్టేసేది. నాలుగేళ్ళుగా ఇదే పని. ఆమెను తప్పు పట్టడానికి లేదు. ఆమెకు చదువు రాదు. గోడ మీద రాసింది చదవగలిగిన వాళ్ళం వంద ఇళ్ళ వాళ్ళం ఉన్నాం, ఒక్కరం కూడా ఆమెకు చెప్పలేదు.

ఇంచుమించు అదే రోజుల్లో, 2025 నవంబర్‌లో, పేపర్లో ఒక వార్త చదివాను. కేంద్రం నడిపే ‘జల్ సంచయ్ జన్ భాగీదారీ’ కార్యక్రమంలో తెలంగాణకు దేశంలోనే మొదటి స్థానం వచ్చింది. లెక్కలోకి వచ్చిన నీటి సంరక్షణ కట్టడాలు 5 లక్షల 20 వేలకు పైనే. చదివి నిజంగా గర్వపడ్డాను. బోర్లు ఎండిపోయి ఊళ్ళు ఖాళీ అవడం చూసిన వాళ్ళకు ఆ అంకె విలువ తెలుసు. కానీ గోడ మీది నీటి బొట్టు బొమ్మ కూడా కళ్ళ ముందు మెదిలింది. ఇలాంటి లెక్కల్లో మా పార్కు గుంత కూడా ‘ఒకటి’ కిందే పడుతుంది కదా అనిపించింది.

ఆ వార్త చూసే కాబోలు, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెట్టారు: మళ్ళీ నిధులొస్తున్నాయట, పార్కులో ఇంకో రెండు గుంతలకు దరఖాస్తు పెడదాం అని. చప్పట్లు, దండాలు వరసగా పడ్డాయి. నేను మాత్రం ముందు పాతది తెరిచి చూద్దాం అన్నాను. దాంతో మొదలైన వాదన మూడు వారాలు సాగింది. ఉత్తినే వచ్చే డబ్బు వద్దంటారేంటని కొందరు, ప్రతిదానికీ అడ్డం పడతానని ఇంకొందరు. వాళ్ళకు గ్రూపులో విడివిడిగా జవాబివ్వడం నావల్ల కాలేదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నేననేది ఒకటే. వాన నీళ్ళు పడ్డచోటే ఇంకేలా చేయడానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు తప్పకుండా ఇవ్వాలి, ఇప్పటికన్నా ఎక్కువే ఇవ్వాలి. కానీ దాన్ని తవ్వకానికి లెక్కగట్టి కాదు, నీళ్ళు ఇంకడానికి లెక్కగట్టి ఇవ్వాలి. రెండో వానాకాలం, మూడో వానాకాలం కూడా ఆ గుంత నీళ్ళు తాగుతోందని తేలితేనే మిగతా డబ్బు రావాలి. ఊడ్చే మనిషి కూలి మొదటి రోజు నుంచే అంచనాలో ఉండాలి.

ఆ గుంతలో ఏముంది

ఒక ఆదివారం మేస్త్రిని, ఇద్దరు కూలీలను పిలిచి గుంత తెరిపించాం. తెరిపించే ముందు పైన నాలుగు బకెట్ల నీళ్ళు పోసి చూశాను. పొద్దున ఎనిమిదింటికి పోసిన నీళ్ళు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కూడా అలాగే నిలబడి ఉన్నాయి. చీకటి పడకముందే దోమలు ముసిరాయి.

పై అడుగున్నర అంతా ఆకులు, పాల ప్యాకెట్లు, గుట్కా కవర్లు. దాని కింద నల్లటి బురద. ముక్కు మూసుకోకుండా నిలబడలేకపోయాం. ఆ కింద దొడ్డు ఇసుక ఉండాలి. ఉంది కూడా, కానీ సన్నమట్టి కలిసి గచ్చులా గట్టిపడింది. పార పెడితే టంగుమని మోగింది. మేస్త్రి ఒక పెళ్ళ పగలగొట్టి నా అరచేతిలో పెట్టాడు. లోపల ఇసుక రేణువుల మధ్య ఒక్క సందు లేదు, అంతా సిమెంటు పోసినట్టు మట్టి. “పైన జానెడు ఇసుక ఏటా మార్చి ఉంటే సరిపోయేదన్నా, కింది దాకా దిగకపోవు,” అన్నాడు.

ఇసుక కింద సన్న కంకర, దాని కింద పెద్ద కంకర. మొత్తం బయటికి తీసి, గట్టు మీద పరిచి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ నింపాం. ఇసుక మాత్రం కొత్తది కొన్నాం. రెండు రోజులు పట్టింది, కూలి, ఇసుక అంతా కలిపి ఆరువేల రెండొందలైంది. అయ్యాక రెండు డ్రమ్ముల నీళ్ళు పోశాం, ఒక్కో డ్రమ్ము రెండొందల లీటర్లు. టీ తాగి గ్లాసులు కింద పెట్టేలోపు నీళ్ళు మాయం. చుట్టూ చేరిన పిల్లలు ఇంకో డ్రమ్ము పోయమని గొడవ చేశారు.

ఆరువేల రెండొందలు. దీనికోసం సంబంధిత ఆఫీసుకు రెండుసార్లు వెళ్ళాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు, కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు. కొత్త గుంతకైతే అంచనా వేసి పైకి పంపగలనని, పాతదాని పూడికకు తన దగ్గర పద్దు లేదని చెప్పారు. పార్కు వాళ్ళను అడిగితే అది నీటి పని, నీళ్ళ వాళ్ళను అడిగితే అది పార్కు పని. చివరికి ఇంటికి వంద చొప్పున వసూలు చేశాం. చేయగలిగాం కాబట్టి చేశాం. నాలా పక్క బస్తీలో ఇంటికి వంద అడగడం ఎంత కష్టమో అందరికీ తెలుసు.

పోరుమామిళ్ళ శాసనంలో ఒక దోషం

పద్దు లేదన్న మాట వినగానే నాకు పోరుమామిళ్ళ గుర్తొచ్చింది. కడప జిల్లాలోని ఆ చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూర తవ్వించి, 1369లో శాసనం వేయించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. అంతవరకే అయితే అదీ మా పార్కు గోడ మీది రాత లాంటిదే. కానీ మంచి చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాలు కూడా చెక్కించారు. ఆ దోషాల్లో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. కట్ట తెగితే ఎవరు పూడ్చాలో తేలదు కాబట్టి అని నేను అర్థం చేసుకున్నాను. మా గుంత పార్కు వాళ్ళ రాజ్యానికీ నీళ్ళ వాళ్ళ రాజ్యానికీ నడుమ ఉంది.

రాయలసీమ వైపు దశబంధం మాన్యాలుండేవి. చెరువు తవ్వించిన వాళ్ళకో, తెగిన కట్ట బాగుచేసిన వాళ్ళకో భూమి ఇచ్చేవాళ్ళు, ఆ భూమి అనుభవించినంత కాలం వాళ్ళు చెరువు బాగోగులు చూడాలి. ఇప్పటి మాటల్లో అది కూడా గ్రాంటే. కాకపోతే ఒక్కసారి బిల్లు పాసై ముగిసిపోయే గ్రాంటు కాదు. తెలంగాణ ఊళ్ళలో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, కట్ట మీద పందికొక్కు బొరియ ఎక్కడ పడింది, ఏ కాలువలో తుంగ పెరిగింది, అన్నీ అతనికే ఎరుక. కోతలయ్యాక కల్లంలోనే అతని పాలు అతనికి కొలిచి ఇచ్చేవాళ్ళు. ఆ రోజులన్నీ బంగారం అనను. ఆ పని ఏ కులాల వాళ్ళ నెత్తిన పెట్టారో, వాళ్ళకు దక్కిన గౌరవమెంతో తెలియంది కాదు. నీటి పనికి ఒక మనిషి కావాలని, ఆ మనిషికి ఏటా గింజలు కొలవాలని ఊరికి తెలుసు. అంతవరకే నేను తీసుకుంటున్నాను.

2015లో మొదలైన మిషన్ కాకతీయలోనూ ఈ తెలివి కొంత ఉంది. చెరువులో పూడిక ప్రభుత్వం తవ్వించింది, ఆ మట్టిని రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు. ఆ ఒండ్రు చేనుకు బలం కాబట్టి. పట్నంలో వచ్చిన చిక్కు ఇక్కడే. మా గుంతలోంచి తీసిన నల్ల బురద ఎవరికీ అక్కర్లేదు, దాన్ని ఎక్కడ పోయాలన్నదే మాకు సగం రోజు టెన్షన్ అయింది. ఎవరికీ లాభం లేని మట్టిని తీయాలంటే కూలి ఇచ్చి తీయించాల్సిందే. అందుకే ప్రభుత్వ డబ్బు తవ్వకం దగ్గరకన్నా అక్కడే ఎక్కువ అవసరం.

నాకున్న సందేహాలు

గ్రూపులో నన్ను వ్యతిరేకించిన వాళ్ళలో ఒక రిటైర్డ్ ఇంజనీరు సార్ ఉన్నారు. ఆయన మాట తేలిగ్గా తీసేసేది కాదు. వరదొస్తే ఈ గుంతలు దేనికి పనికొస్తాయి అని అడిగారు. కాగితం మీద లెక్క వేశాను. వంద చదరపు మీటర్ల స్లాబు మీద ఒక సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల లోతు గుంతలో కంకర పోగా నీళ్ళకు మిగిలే చోటు తొమ్మిది వందల లీటర్లకు మించదు. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు కురిసింది. అంటే ఆ స్లాబు మీదనే 32 వేల లీటర్లు. దాని ముందు మన గుంత ఎంత? సార్ చెప్పింది నిజం. అలాంటి రోజున నాలాలు, చెరువులు, వాటి మధ్య కాలువలు సరిగ్గా ఉండాల్సిందే. ఆ వరదల తర్వాత మొదటి విడత నాలాల పనులకు దాదాపు వెయ్యి కోట్లతో అంచనాలు వేశారు, అది అవసరమైన ఖర్చే.

అయితే అదే లెక్కను ఏడాదికి వేసి చూడండి. హైదరాబాద్‌లో ఏటా సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. ఆ స్లాబు మీద 80 వేల లీటర్లు, అయిదువేల లీటర్ల ట్యాంకర్లు పదహారు. ఇందులో చాలా భాగం ఒక్క రోజున కుమ్మరించేది కాదు, ఒక సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల వానలుగా పడేది. ఆ వానలను గుంత తాగగలదు, పూడిపోకుండా ఉంటే. వేసవిలో ట్యాంకర్ కోసం పొద్దున నాలుగింటికి ఫోన్ పట్టుకుని కూర్చున్న వాళ్ళకు ఆ పదహారు ట్యాంకర్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి వరద నుంచి కాపాడతాయని చెప్పి గుంతలకు నిధులు అడగడం తప్పు. భూమిలో నీళ్ళ కోసం, మామూలు వానకే మునిగే రోడ్ల కోసం అని అడగాలి.

రెండో సందేహం నాదే. మన నగరాల్లో వాన నీరు, మురుగు విడివిడిగా పారే చోట్లు తక్కువ. మోరీ పొంగిన నీళ్ళు గుంతలోకి దిగితే భూగర్భ జలం బాగుపడదు, చెడుతుంది. ముఖ్యంగా పాత బోరు గొట్టంలోకి నేరుగా రోడ్డు నీళ్ళు వదిలే పద్ధతి చూస్తే నాకు భయం వేస్తుంది. ఒకసారి లోతు నీళ్ళు పాడైతే మళ్ళీ బాగుచేయడం మన తరం కాదు. స్లాబు నీళ్ళు సరే, పార్కు నీళ్ళు సరే, మురుగు కలిసే చోట మాత్రం గుంత వద్దు. నిధులిచ్చే వాళ్ళు సంఖ్య కోసం తొందరపడితే ఈ తేడా చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

అన్నిటికన్నా గట్టి మాట చెప్పింది ఇలాంటి పనులే చేయించే నా పాత క్లాస్‌మేట్. “తవ్వితే కొలత ఉంటుంది, ఎంబీలో, అదే కొలతల పుస్తకంలో ఎక్కుతుంది. పూడిక తీశామంటే ఎంత తీశారో ఎవరు చూశారు? తినేవాడికి మెయింటెనెన్స్ కన్నా మంచి పద్దు లేదు,” అన్నాడు. ఇది విన్నాక రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. నాలాల పూడిక బిల్లుల మీద ఎన్ని ఆరోపణలు వినలేదు మనం?

అయినా దీనికి జవాబు ఆ రెండు డ్రమ్ముల్లోనే ఉందనుకుంటున్నాను. తీసిన మట్టిని కొలవక్కర్లేదు. జూన్ ముందు, అక్టోబర్ తర్వాత నలుగురు చూస్తుండగా నీళ్ళు పోసి, ఎన్ని నిమిషాల్లో ఇంకాయో ఫోన్‌లో వీడియో తీస్తే చాలు. దొంగ బిల్లు రాయొచ్చు గానీ, పూడిన గుంత చేత నీళ్ళు తాగించడం కుదరదు. అన్ని దొంగతనాలూ దీంతో ఆగుతాయని అనను. కానీ అవినీతికి భయపడి కూలి డబ్బులే ఇవ్వకపోతే గుంత ఎలాగూ చస్తుంది.

డబ్బు లేదా అంటే

ఉంది. కేంద్రం డబ్బు ఎలా పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా స్థానిక సంస్థలకు సిఫార్సు చేసిన గ్రాంట్లు మొత్తం 4 లక్షల 36 వేల కోట్లకు పైనే. అందులో పంచాయతీలకు చెప్పిన దాంట్లో 60 శాతం పారిశుద్ధ్యానికి, నీటికి కట్టిపెట్టిన డబ్బు. ఆ ‘నీరు’ కింద తాగునీటితో పాటు వాన నీటి సంరక్షణ కూడా ఉండేది. పట్టణ వరదల నివారణకని ఏడు పెద్ద నగరాలకు విడిగా 2,500 కోట్లు చెప్పారు, అందులో హైదరాబాద్ వాటా 250 కోట్లు. సమస్య ఆ డబ్బు దేని చుట్టూ తిరుగుతుందన్నది. పెద్దగా కనపడే పని చుట్టూ తిరుగుతుంది.

చిన్న ఉదాహరణ. మీ దగ్గరి పార్కు రోడ్డుకన్నా ఎత్తుగా ఉందో, పల్లంగా ఉందో ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. నేను చూసిన వాటిలో ఎక్కువ శాతం ఎత్తుగానే ఉన్నాయి. ఎర్రమట్టి పోసి, చుట్టూ అంచు రాళ్ళు పాతి, పచ్చిక పరిచారు. వానొస్తే ఆ మట్టి కొట్టుకొచ్చి రోడ్డు మీద పడుతుంది, రోడ్డు నీళ్ళేమో పార్కులోకి పోలేవు. అంచు రాళ్ళలో అక్కడక్కడా రెండు తీసేసి, లోపల మట్టిని జానెడు దించితే పార్కంతా ఇంకుడు గుంతే. ఒక గడ్డపార, ఒక రోజు కూలి. ఇంత తక్కువ ఖర్చు పనికి గ్రాంటు అడిగే ఫారం లేదు. మా పార్కులో మూడు చోట్ల రాళ్ళు మేమే తీసేశాం.

ఫిలడెల్ఫియాలో ఉండే మా పిన్ని కొడుకుతో ఫోన్‌లో ఈ గొడవంతా చెబితే, వాళ్ళ ఊరి సంగతి చెప్పాడు. అక్కడ 2011లో పాతికేళ్ళ పథకం ఒకటి మొదలైంది, వాన నీటిని గొట్టాల్లోకి పంపకుండా చెట్ల గుంతల్లో, తోటల్లో ఇంకించాలని. దుకాణాలు, గోడౌన్ల లాంటి వాటికి నేల మీద ఎంత మేర సిమెంటు, తారు కప్పారో కొలిచి నెలనెలా వాన నీటి చార్జీ వేస్తారు. సొంత జాగాలో నీళ్ళు ఇంకించే ఏర్పాటు చేసుకుంటామంటే గ్రాంటు ఇస్తారు, చార్జీ తగ్గిస్తారు. అయితే గ్రాంటు తీసుకున్న వాళ్ళు బాగోగుల ఒప్పందం మీద సంతకం పెట్టాలి, తగ్గింపును కొన్నేళ్ళకోసారి మళ్ళీ రుజువులు చూపించి పొడిగించుకోవాలి. తవ్వి వదిలేస్తే తగ్గింపు పోతుంది. వినగానే నాకు దశబంధం మాన్యమే గుర్తొచ్చింది. అక్కడి పద్ధతి ఉన్నదున్నట్టు ఇక్కడికి తేలేం, మన చార్జీల వసూళ్ళు ఎలా ఉంటాయో తెలిసిందే. ఆ సంతకం ఒక్కటి తెచ్చుకోవచ్చు.

ఇంకొకటి ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టేది. గ్రాంటు దరఖాస్తు చేసిన వాళ్ళకే వస్తుంది. దరఖాస్తు చేయాలంటే రిజిస్టరైన సంఘం, బ్యాంకు ఖాతా, లెటర్‌హెడ్ కావాలి, ఆఫీసు చుట్టూ తిరిగే తీరిక కావాలి. మా కాలనీకి అవన్నీ ఉన్నాయి. మా స్లాబుల నీళ్ళు పల్లానికి పారి మునిగేది మాత్రం కింద నాలా పక్కనున్న అరవై గజాల ఇళ్ళు. అక్కడ గుంత తవ్వే చోటు లేదు, లెటర్‌హెడ్ లేదు. పెద్దమ్మ ఉండేది అక్కడే. 2020లో వాళ్ళింట్లో నడుముల దాకా నీళ్ళొచ్చాయని, రేషన్ బియ్యం సంచి మంచం మీద పెట్టినా తడిసిపోయిందని ఆమె గుంత పక్కన కూర్చుని చెప్పింది. పై ఇళ్ళ నీళ్ళు ఆపడానికి ప్రభుత్వ డబ్బు ఎందుకని అడిగే వాళ్ళకు నేను ఆ బియ్యం సంచినే చూపిస్తాను. మాలాంటి వాళ్ళం సొంతింటి గుంత సొంత డబ్బుతో తవ్వుకోవాలి. పార్కుల్లో, బడుల్లో, గుడి ఆవరణల్లో, పల్లపు బస్తీలకు పైనున్న ఉమ్మడి చోట్లలో తవ్వడానికి, వాటిని చూసుకునే మనిషి జీతానికి గ్రాంటు పోవాలి.

చివరికి కాలనీ మీటింగులో తేలిందిది. నెలకు వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చి గుంత బాధ్యత పెద్దమ్మకు అప్పగించాం. ఆకులకు పార్కు రెండో మూలన ఎరువు గుంత తీశాం. దరఖాస్తు కూడా పెట్టాం. ‘కొత్త కట్టడాల సంఖ్య’ అన్న గడిలో ఒకటి అని రాసి, కింద ఖాళీలో పెన్నుతో అయిదేళ్ళ కూలి అంచనా చేర్చాను. అది ఎవరైనా చదువుతారో లేదో చూడాలి.

మొన్న రాత్రి గాలివాన కొట్టింది, గంట సేపు. తెల్లారి పార్కుకు వెళ్ళేసరికి పెద్దమ్మ అప్పటికే గోడ మీద నుంచి లోపలికి వంగి చూస్తోంది. రాత్రి నీళ్ళు గోడ మీద ఎంత ఎత్తుకు వచ్చాయో మట్టి గీతను వేలితో చూపించింది. గీత కింద ఇసుక తడిగా మెరుస్తోంది, నీళ్ళు మాత్రం లేవు. అక్కడక్కడా రాలిన వేపాకులను ఒక్కొక్కటే ఏరి చెంగులో వేసుకుంటూ, “మా గల్లీల పాదాలు తడిసినయ్ గంతే బిడ్డా,” అంది.